ఆగని హారన్

హారన్ నోరు మూయాలి. డ్రైవర్ వైపు తలుపు సరిగ్గా పడాలి. రేడియేటర్ నిండా నీళ్లు పోయాలి. పొద్దు వాలకముందే బండి నెల్లికుదురు అవతల గుట్టకింది తండా చేరాలి.

మానుకోట షెడ్డులో రజాకార్ల సర్దారు హీర్యాకు పురమాయించిన పనులివి. ఆఖరి మాట వినగానే హీర్యా చేతిలోని పానా జారింది. ఆ తండాలో అతని తల్లి మోతీబాయి ఉంది. సర్దారుకు ఆ సంగతి తెలియదు.

"ఆ తండోళ్లు సంఘపోళ్లకు రొట్టెలు పెడుతున్రట. ఒక్కడు మిగలొద్దు," అన్నాడు సర్దారు. "హారన్ కూస్తే అందరు గుట్టెక్కుతరు. అయినా లంబాడోనికి లారీ పని ఎవడు నేర్పిండురా? మేకలు కాసుకోక."

"మేకలు చెడిపోతే బాగుచేసుడు రాదు హుజూర్."

సర్దారు నవ్వి ఒక్కటి తన్నాడు.

లారీ తానే నడుపుతాడు సర్దారు. దిగినప్పుడల్లా తలుపు ధడేలున వేయడం అతని దర్జా. ఆ దర్జాయే బండికి రోగం తెచ్చింది. తలుపు పడితే హారన్ కూస్తోంది, తెరిస్తే ఆగుతోంది. హీర్యా తలుపు తెరిచి, మూసి, చెక్క అంచు వెంట వేలు పోనిచ్చాడు. హారన్ తీగ అక్కడి నుంచే పోతోంది. దెబ్బలకు గుడ్డ తొడుగు అరిగి రాగి బయటపడింది. ఆ రాగి బండి ఇనుమును తాకితే చాలు, బొత్తాం నొక్కినట్టే.

గట్టిగా చుట్టాల్సిన చోట పలచని పేలిక ఒక్క వరస చుట్టాడు. తలుపు తానే మెల్లగా వేసి చూపించాడు. హారన్ కూయలేదు.

"నువ్వూ ఎక్కు," అన్నాడు సర్దారు. "కూసిందంటే నీ గొంతు కోస్త."

గుట్ట మలుపులో బండి ఆపి సర్దారు దిగాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? తలుపు ధడేలుమంది. పేలిక చినిగి హారన్ కూసింది. సర్దారు బూతులు తిడుతూ తలుపు గుంజాడు. కూత ఆగింది.

తండావాళ్లు పారిపోతారనుకున్నాడు హీర్యా. పారిపోలేదు. గుడిసెల్లోంచి ఆడవాళ్లు గంపలతో, పిల్లలను చంకనేసుకుని నవ్వుతూ దిగివస్తున్నారు. హీర్యాకు అప్పుడు తట్టింది. కేసముద్రం నుంచి బేరానికొచ్చే ధాన్యం లారీ ఆ మలుపులోనే ఆగి హారన్ కొడుతుంది. దాని మీద పనిచేసినన్నాళ్లు తానే కొట్టేవాడు. అది విని గంపలెత్తుకుని రావడం తండాకు అలవాటు. తను చేసిన హెచ్చరిక వాళ్లకు పిలుపైంది.

లారీ వెనక నుంచి దిగిన రజాకార్లు చెట్ల చాటున తుపాకులు ఎత్తారు.

హీర్యా డ్రైవర్ సీటు మీదికి దూకి తీగను పట్టి గుంజాడు. రాగిని తలుపు చెక్క పక్కనున్న ఇనుముకు అదిమాడు. హారన్ మళ్లీ అందుకుంది. ఈసారి ఆగలేదు.

అందరికంటే ముందు వస్తున్న మోతీబాయి ఠక్కున నిలబడింది.

"మావోడు రెండుసార్లు కొట్టి ఆపేటోడు," అంది వెనకనున్న లచ్చితో. "గిది బేరపు లారీ కాదు. పిల్లల్ని తీసుకొని ఉరుకు."

లచ్చి కదలకపోతే గంప విసిరి కొట్టింది. చేతులు రెండూ చాపి బాటకు అడ్డం నిలబడి, గుట్ట మారుమోగేలా తండా మాటలో అరిచింది. మొదటి తూటా ఆమె భుజాన్ని చీల్చింది. కూలలేదు. రెండోది గొంతులో దిగింది. ఆమె వెనక జనం గుట్టెక్కిపోయారు.

హీర్యా మీద తుపాకీ మడమలు పడ్డాయి. దవడ విరిగింది. వేళ్లు నలిగాయి. నిప్పురవ్వలకు చర్మం కమిలినా రాగిని ఇనుము నుంచి ఎడబాపలేదు. సర్దారు కత్తితో తీగ తెంపేదాకా హారన్ కూస్తూనే ఉంది. హీర్యా చచ్చాడనుకుని బాట మీద పడేసి, ఖాళీ గుడిసెలకు నిప్పుపెట్టి పోయారు.

అతను బతికాడు. ఆ చేతితో మళ్లీ పానా పట్టలేకపోయాడు. లచ్చి, ఆమె పిల్లలు కూడా బతికారు.

ఆ దారిన లారీలు ఇప్పటికీ పోతుంటాయి. మీరెప్పుడైనా ఆ మలుపు తిరుగుతూ హారన్ కొడితే, దాని తేడా గుర్తుపట్టి బాటకు అడ్డం నిలబడిన మోతీబాయిని జర యాది చేసుకోండి.