బొల్లారం దాకా వినిపించే చిలకలు

పొద్దున లేవగానే దేవకృప చేసే మొదటి పని రాత్రి నానబెట్టిన శనగలు వడగట్టడం. రెండోది పంజరం అడుగున పరిచిన పేపరు మార్చడం. ఆ తర్వాతే కాఫీ, స్నానం, రైల్వే ఆఫీసుకి నడక. నాన్న పోయాక మెట్టుగూడలోని ఆ రెండు గదుల ఇంట్లో ఆమెకి తోడుగా మిగిలినవి ఆయన పెంచిన రామచిలకలే. ఆడది రాణి, మగది దొర. యాభైకి దగ్గరపడిన దేవకృప సాయంత్రం తాళం తీస్తుంటే "వచ్చావా?" అని అడిగేది ప్రపంచం మొత్తమ్మీద దొర ఒక్కటే.

ఆ ఏడు చలి తగ్గే రోజుల్లో రాణి చెక్కపెట్టెలో గుడ్లు పెట్టింది. పొదిగిన వాటిలో ఒక్కటే పిల్లయింది. అంతే, ఆ జంటకి దయ్యం పట్టినట్టయింది. గింజల గిన్నె మార్చబోతే రాణి మెడ చాచి వేలు పట్టుకునేది, రక్తం చూస్తే గాని వదిలేది కాదు. దొర మాటలు మానేసి అరుపులకి దిగింది. పొద్దున అరుపు, మధ్యాహ్నం అరుపు, దీపాలు పెట్టే వేళ మరీ అరుపు.

అరిస్తే పక్కింటికి వినిపించేది కాదు. ఆ చిలకల అరుపు ఎప్పుడూ అంతే. తమ చేత్తో ఒక్కసారైనా మేత పెట్టినవాళ్లకే వినిపిస్తుంది, వాళ్లు ఏ మూల ఉన్నా సరే. మెల్లగా కూస్తే మాత్రం గది దాటదు. గోడ అవతల లచ్చమ్మ హాయిగా కునుకు తీస్తుంటే, బేగంపేటలో ఒక హోటల్లో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చునే ఆలిస్‌కి చెవులు చిల్లులు పడేవి. ఆలిస్ దేవకృపకి చిన్ననాటి స్నేహితురాలు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు వాటికి జామముక్క పెట్టి వెళ్లింది.

"కృపా, నేను హలో అంటుంటే నీ చిలక కేకలేస్తోందే!" అని ఆఫీసుకి ఫోన్ చేసి మొత్తుకుంది. "అవతలివాళ్లు ఏ నంబరు అడుగుతున్నారో వినబడి చావడం లేదు. ఉద్యోగం ఊడేట్టుంది నాకు."

ఆదివారం ఆరాధన అయ్యాక సామ్యూల్ పాస్టరుగారు పక్కకి పిలిచారు. నాన్న జ్ఞాపకార్థ కూడికకి వచ్చిన రోజు ఆయనా వాటికి ఒక పచ్చిమిరపకాయ అందించారు.

"అమ్మా, ఇవాళ వాక్యం చెబుతూ చెబుతూ ఎక్కడున్నానో మర్చిపోయాను. చూశావుగా?"

"చూశానండి. క్షమించండి."

"క్షమాపణ ఎందుకులే. వాటిని ఎవరికైనా ఇచ్చెయ్యకూడదూ? ఒంటరిదానివి, నీకెందుకీ అవస్థ?"

ఆయనకి తలూపి వచ్చేసింది. ఒంటరిదాన్ని కాబట్టే కదా ఉంచుకున్నాను అనే జవాబు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే తట్టింది. చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు.

మొదట్లో ఆమె కూడా అరిచింది. "నోరు మూస్తారా లేదా!" అంటే అవి ఇంకాస్త గొంతు పెంచాయి. ఓ సెలవు రోజున కుర్చీ లాక్కుని, చేతివేలికి గుడ్డ చుట్టుకుని, పంజరానికి దూరంగా కూర్చుని చూసింది. గాజుల చెయ్యి పైనుంచి దిగితే రాణికి అది పిల్లని ఎత్తుకుపోయే గద్దలా కనిపిస్తోందని అర్థమైంది. అరుపు వినగానే తను పరుగెత్తుకు రావడం దొరకి బాగా అలవాటైందనీ తెలిసింది.

పంజరాన్ని గుమ్మం పక్కనుంచి లోపలి గది మూలకి మార్చింది. మూడు వైపులా నాన్న ముదురురంగు దుప్పటి కప్పింది. లోపల చెయ్యి పెట్టే పని లేకుండా గిన్నెల్ని తలుపు దగ్గరే తగిలించింది. పిల్లని తొంగిచూడటం మానేసింది. రాణి మెడ ఈకలు లేచాయంటే కరిచేదాకా ఉండకుండా వెనక్కి తగ్గేది. దొర అరిస్తే ఒక్క మాటైనా అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది. అరుపు ఆగాక వచ్చి, మెల్లగా పలకరించి, లేత మొక్కజొన్న గింజలు అందించేది.

ఇంట్లో మాట్లాడకుండా ఉండటం ఆమెకి కొత్త కాదు. మాట నోటిదాకా వచ్చాక మింగడమే కొత్త. వంటింట్లో నిలబడి కుళాయి చప్పుడు వింటూ ఎన్ని సాయంత్రాలు గడిపిందో.

మెల్లమెల్లగా ఇల్లు చల్లబడింది. ఆలిస్ ఫోన్ చేసి మనసారా దీవించింది. పాస్టరుగారు ప్రసంగం కొస దాకా చెప్పగలిగారు.

అప్పుడే ఓ ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే వడ్రంగి బ్రహ్మచారి. నాన్న ఉన్నప్పుడు కిటికీ చెక్కలు బాగుచేయడానికి వచ్చినవాడు. పని జరిగినన్నాళ్లు తన టిఫిను డబ్బాలోని అన్నం రోజూ చిలకలకి పెట్టేవాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"మేడం, పిట్టలు బాగున్నయా? ఏం గాలే గదా?"

"బాగున్నాయి. పిల్ల కూడా పుట్టింది."

అతను ఆమె పెదవుల వంక చూసి, చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇనబడదు మేడం. బొల్లారంల కోతమిషన్ కాడ పని. దాని మోతకు రెండు చెవులు పోయినయి. మనిషి మాట ఇనబడదు, లారీ హారన్ సుత ఇనబడదు. మీ పిట్టల లొల్లి ఒక్కటే ఇనబడుతుండె. నడుమ మస్తు ఎక్కువైంది, ఖుషీ అయిన. గీ మధ్య మొత్తం బందైంది. పరేషానై వచ్చిన."

దేవకృప తలుపు బార్లా తీసింది. ఈ మనిషికి మిగిలిన ఒక్క చప్పుడునీ దుప్పటి కప్పి ఆపేసింది తనే.

లోపలికి రమ్మని సైగ చేసింది. అతను పంజరానికి దూరంగా గొంతుక్కూర్చున్నాడు. దొర చిన్నగా కూసింది. బ్రహ్మచారి కళ్లు మూసుకుని విన్నాడు.

మళ్లీ వాటిని అరిపించడం కుదరదు కదా, ఆలిస్ ఉద్యోగం ఉంది, పిల్లకి నెమ్మది కావాలి. అందుకని అతనే ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. పిల్ల పెట్టెలోంచి బయటికొచ్చాక అతని అరచేతిలోనే మెత్తటి శనగలు తినడం నేర్చుకుంది. దాన్ని మేపింది వాళ్లిద్దరే. అతను పోయిన భార్య గురించి చెప్పేవాడు. దేవకృప కూడా మాట్లాడేది. వినబడదని తెలిసే, ఎవరికీ చెప్పని సంగతులు చెప్పేది. అతను ఆమె ముఖం చూస్తూ తలూపేవాడు. పిల్ల కిటికీ ఊచ మీద కూర్చుని తల వంచి వినేది. పలికేది మాత్రం కాదు.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక ఆదివారం అతను సంచీతో వచ్చాడు.

"మిషన్ పని బంద్ చేసిన్రు మేడం. చెవుల్లేనోడు చెయ్యి తెగగొట్టుకుంటడని వాళ్లకు భయం. తమ్ముడు జనగామ రమ్మంటున్నడు. ఈడ నాకెవరున్నరు? రైలుకు టైమైంది, పోతున్న."

పిల్ల తల నిమిరి గుమ్మం దాటాడు. వీపు తిప్పి చెప్పుల్లో కాలు పెడుతున్నాడు. సైగ చేద్దామంటే అతను చూడటం లేదు.

"ఉండండి," అంది దేవకృప, ఉత్త గాలికి చెబుతున్నట్టు.

కిటికీ మీంచి పిల్ల, పుట్టాక మొట్టమొదటిసారి, అచ్చం ఆమె గొంతుతో పలికింది. "ఉండండి."

బ్రహ్మచారి ఒక కాలు చెప్పులో, ఒక కాలు నేల మీద, అలాగే ఆగిపోయాడు. మనిషి మాట విని ఎన్నేళ్లయిందో. వెనక్కి తిరిగినప్పుడు అతను చిలకని చూడలేదు, ఆమెనే చూశాడు.

"గిట్ల ఉంటదా మీ గొంతు," అన్నాడు. సంచీ కింద పెట్టాడు. "మళ్ల ఒకసారి అనుండ్రి మేడం."

దేవకృప అంది. పిల్ల అందుకుంది.