ఒక్కసారే అడిగే మనిషి

ఆ వారమంతా అట్రాక్టా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పొద్దున్నే మజ్జిగ పోసి సోడా రొట్టెకి పిండి కలిపింది. అందులో డిలిస్క్ వెయ్యడం మరిచిపోయింది. డిలిస్క్ అంటే రాళ్ళమీద పెరిగే ఎర్ర నాచు, అది లేని రొట్టెని ఆమె చేతి రొట్టె అని ఎవరూ ఒప్పుకోరు. మళ్ళీ కలిపింది. రొట్టె పొయ్యిలో ఉండగానే గుమ్మంలోకి వచ్చి రేవు వైపు చూసింది. రేవు పక్కన రాతి షెడ్డు, దాని పొగగొట్టంలోంచి సన్నగా పొగ. పొగ వస్తోందంటే అక్కడ బుట్టలల్లే హెన్నింగ్ ఇంకా ఉన్నాడన్నమాట. లోపలికెళ్ళి రొట్టె చూసింది. మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

శనివారం పొద్దుటి బస్సుకి హెన్నింగ్ వెళ్ళిపోతున్నాడు. జర్మనీలో, బ్రెమెన్‌లో ఉన్న కూతురి దగ్గరికి, ఇంక తిరిగి రాకుండా. అతన్ని ఆపే అవకాశం వెతుక్కుంటూ ఆమె చేతికే వచ్చింది. ఆమే దాన్ని నేలపాలు చేసుకుంది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అట్రాక్టా ఆ షెడ్డులో గంప అల్లుతోంది. ఆమె తండ్రి నేర్పిన వీపు గంప అది, ఒకప్పుడు అలాంటివాటిలో పొలాలకి సముద్రపు నాచు మోసేవాళ్ళు. షెడ్డులో మట్టి నేల ఉంది, అల్లికకి వాడే విల్లో చెట్టు కొమ్మలు గుచ్చుకోవడానికి వీలుగా. అందుకే నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చి, ఓ మూల కూచుని అల్లుకుని పోయేది. హెన్నింగ్ తన బుట్ట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు.

“అట్రాక్టా, ఒక్కణ్ణే పనిచెయ్యడం ఇంక నావల్ల కావడం లేదు. మీరు నాతో కలుస్తారా? షెడ్డు సగం మీది, సగం నాది. మీరు రానంటే దీన్ని వదిలేసి మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతాను.”

అది అట్రాక్టా ఎన్నాళ్ళనుంచో ఎవరికీ చెప్పకుండా కోరుకున్నదే. అయినా నోరు తెరిస్తే వచ్చిన మాట ఇది: “అబ్బే, వద్దులెండి. నేనెక్కడ, మీ పనెక్కడ! మీకు అడ్డం.”

అట్రాక్టాని తిట్టి లాభం లేదు. మా ఊరు రోస్‌డూలో పుట్టిన ఎవరైనా అదే అంటారు. ఎవరింటికైనా వెళితే టీ ఇస్తామంటారు, వద్దంటాం. కొంచెం తాగండి అంటారు, ఇప్పుడే తాగి వచ్చామంటాం. మూడోసారి, మా మీద ఒట్టు అన్నట్టు మొహం పెట్టి అడిగితే, సరే మీ మాట కాదనలేక అని కూచుని రెండు కప్పులు తాగి, రొట్టె కూడా తింటాం. మొదటిసారే సరే అనేవాణ్ణి మావాళ్ళు కరువులోంచి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. టీకే ఇంత తతంగం ఉంటే, ఒక మగమనిషి ఎదురుగా నిలబడి జీవితంలో సగం ఇస్తానంటే ఎగిరి గంతేసి ఒప్పుకోవడం ఎట్లా?

హెన్నింగ్ తల ఊపాడు. “సరే,” అన్నాడు. కూచుని బుట్ట తీసుకున్నాడు.

అట్రాక్టా కాసేపు ఆగింది. కొమ్మ ఒకటి తీసి వంచింది, అక్కర్లేకపోయినా మళ్ళీ వంచింది. దగ్గింది. అతను తలెత్తలేదు. రెండోసారి అడగలేదు. అప్పుడు తెలిసింది ఆమెకి, పుట్టి మునిగిందని.

హెన్నింగ్ తీరు ఆమెకి తెలియదా అంటే, తెలుసు! ఊరంతటికీ తెలుసు. హెన్నింగ్ తన షెడ్డుకి ఎవరొచ్చినా టీ తాగుతారా అని అడుగుతాడు. వచ్చినవాళ్ళు పద్ధతిగా వద్దంటారు. అతను సరే అని కెటిల్ పక్కన పెట్టేస్తాడు. వచ్చినవాళ్ళు ఎండిన గొంతుతో ఇంటికి పోతారు. ఇన్నేళ్ళలో ఆ షెడ్డులో చుక్క టీ తాగినవాడు లేడు. పబ్బులో అతనికి పిసినారి అని పేరు పెట్టారు. అట్రాక్టా అయితే ఫ్లాస్కు తీసుకెళ్ళేది. అన్నీ తెలిసి, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని మరీ, వద్దులెండి అంది. అలవాటు మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది.

హెన్నింగ్ ఊరికి వచ్చింది సైకిల్ మీద. ఒక్క రాత్రి ఉండి పోదామని వచ్చినవాడు పొగబెట్టిన కానాగంత చేప రుచి చూసి, పోవడం మానేశాడు. అతనితో మావాళ్ళకి ఇబ్బంది ఏమిటంటే, బాగున్నది బాగుందని పైకి అనేస్తాడు. ఎండ కాసి, సముద్రం నీలంగా మెరిసి, ఎదురుగా కొండలు కడిగి పెట్టినట్టు ఉన్నరోజున మావాళ్ళు “మరీ అంత చెడ్డగా లేదు” అంటారు. అతను రేవు గోడమీద నిలబడి “ఎంత బాగుందో!” అని అందరికీ వినబడేలా అంటాడు. పీత డెక్కలు వెన్నలో ముంచుకు తిని, వేళ్ళు నాకి, ఇంకా ఉన్నాయా అని అడుగుతాడు. మొదట్లో అట్రాక్టాకి సిగ్గేసేది. తర్వాత్తర్వాత అతను చూసే వైపు తనూ చూడడం మొదలుపెట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ తన కిటికీలోనే ఉన్న సముద్రం ఆమెకి అప్పుడు కనబడింది. అతను వెళితే అది మళ్ళీ పోతుందేమోనని ఆమె భయం. ఆ మాట తనకి తను చెప్పుకోవడానికే రెండు రోజులు పట్టింది.

కాబట్టి ఆమె అతను మళ్ళీ అడిగేలా దారులు వెయ్యడం మొదలుపెట్టింది. వేడి రొట్టె గుడ్డలో చుట్టుకుని వెళ్ళింది. అతను అక్కడికక్కడే తుంచుకుని, వెన్న రాసుకుని, కళ్ళు మూసుకుని తిన్నాడు. ఈ చలికాలం విల్లో కొమ్మలు బాగా కొయ్యాలి, ఈసారి ఏపుగా పెరిగాయి అని ఆమె గాలిలోకి చూస్తూ అంది. అవును, కొత్తగా వచ్చేవాళ్ళు కోసుకోవాలి అన్నాడతను.

ఇంకోరోజు గోడమీద కూచుని పీతలు తింటుంటే, ఒక్కడికి ఇది మరీ పెద్ద షెడ్డు సుమండీ అంది. అందుకేగా వదిలేస్తున్నాను అన్నాడు. అటు సముద్రం వెనక్కి తగ్గి రాళ్ళు బయటపడుతున్నాయి. హెన్నింగ్ వాటిని చూసి ఎప్పట్లా బాగుందని అనలేదు. అది ఆమె గమనించింది. ఆ రాత్రి మంచమ్మీద అటూ ఇటూ పొర్లింది.

గురువారం తమ్ముడు ఫెస్టస్ పడవ కట్టేసి, ఉప్పునీళ్ళు కారే బూట్లతోనే వంటింట్లోకి వచ్చాడు. అక్క మొహం ఒకసారి, బల్ల మీద రొట్టెల వరస ఒకసారి చూశాడు.

“ఈ రొట్టెలన్నీ ఎవరికి? ఊరికేమైనా ముట్టడి వేశారా?”

నోరుమూసుకుని తిను అంది అక్క. వాడు తిన్నాడు గానీ నోరు మూసుకోలేదు. గాల్వే పట్నం నుంచి ఎవరో మొగుడూ పెళ్ళాలు కొనడానికి వచ్చి షెడ్డు చూసుకున్నారట. సెలవులకొచ్చేవాళ్ళకి అద్దెకిచ్చుకుంటారట. మట్టి నేల తవ్వి పలకలు పరిపిస్తారట. హెన్నింగ్ సరే అన్నాడు, మాటిచ్చేశాడు అని వాడు రొట్టె నములుతూ చెప్పాడు.

అట్రాక్టా కుర్చీలో కూలబడింది. తర్వాత లేచింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. పొయ్యిలో మంట కోసం ఎండిన పీట్ మట్టి గడ్డ ఒకటి వేసింది. మళ్ళీ కిటికీ.

“కూచోవే తల్లీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి,” అన్నాడు ఫెస్టస్. “పోయి చెప్పరాదూ ఆ మనిషికి?”

“నోటితో వద్దన్నాక మళ్ళీ నేనే పోయి ఎట్లా చెప్పనురా? అతను అడగాలి గానీ.”

“అతను బ్రెమెన్ మనిషి. ఒక్కసారే అడుగుతాడు. ఆ అడగడం అయిపోయింది.” వాడు చేతికంటిన వెన్న తుడుచుకున్నాడు. “నువ్వు ఇక్కడ పద్ధతిగా కూచో. ఆయన అక్కడ పద్ధతిగా బస్సెక్కుతాడు.”

వాడి నెత్తిన రొట్టె పెట్టి మొత్తాలనిపించింది ఆమెకి. వాడన్నది నిజం కాబట్టి మొత్తలేదు.

శుక్రవారం సాయంత్రం హెన్నింగే కబురు పెట్టాడు. మీ గంప సగంలో ఉంది, ఏం చెయ్యమంటారు అని. గంప అడుగు ఇంకా పడలేదు. మా గంపలు తలకిందులుగా పుడతాయి. నేలలో కొమ్మలు గుచ్చి, మూతి దగ్గర మొదలుపెట్టి పైకి అల్లుకుంటూ పోతాం, అన్నిటికంటే చివర అడుగు. హెన్నింగ్ బుట్టలకి అడుగే ముందు. అడుగు లేకుండా మీరు ఎలా మొదలుపెడతారో అని అతను ఎప్పుడూ ఆశ్చర్యపోయేవాడు.

ఆమె వెళ్ళేసరికి షెడ్డు బోసిగా ఉంది. గోడలకి వేలాడే బుట్టలు లేవు. పనిముట్లు పెట్టెలో సర్దేశాడు. కూతురికోసం ఎండబెట్టిన డిలిస్క్ మూటకట్టి పెట్టాడు. కిటికీలో ఒక్క సముద్రం మాత్రం ఎప్పటిలాగే ఉంది. మధ్యలో, నేలలో గుచ్చిన కొమ్మలతో ఆమె గంప తలకిందులుగా నిలబడి ఉంది. అట్రాక్టా దాని ముందు మోకాళ్ళమీద కూచుంది. నిలువు కొమ్మలు వంచి, ఒకదాని కిందనుంచి ఒకటి దూర్చి అడుగు అల్లడం మొదలుపెట్టింది. ఇది అయిపోతే గంపని నేలలోంచి పీకాలి, పీకాక ఇక్కడ తనకి పని లేదు. చెయ్యి నెమ్మదించింది. నెమ్మదించినా అడుగు పూడుకుంటూనే వచ్చింది.

ఆఖరి కొమ్మ చేతిలో ఉండగా ఆమె తల తిప్పకుండానే అంది: “ఆ రోజు మీరు అడిగారే. నాకు ఇష్టమే.”

పెట్టెకి తాడు కడుతున్న హెన్నింగ్ ఆగాడు. “మీరు వద్దన్నారు.”

“మళ్ళీ అడుగుతారని అన్నాను.”

అతని మొహంలో కోపం వచ్చింది, పోయింది, ఇంకేదో వచ్చింది.

“వద్దన్నవాళ్ళని మళ్ళీ అడిగితే బలవంతం చేసినట్టు కాదా? మీరు కాదన్నారని నాకు ఎంత కష్టమేసిందో తెలుసా? అయినా మళ్ళీ అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని నోరు నొక్కుకున్నాను.”

అట్రాక్టాకి ఏడుపొచ్చింది. తన మర్యాదా, అతని మర్యాదా కలిసి వారం రోజులు ఇద్దరి గొంతూ నులిమాయి. కానీ షెడ్డు పోయింది. గాల్వే వాళ్ళకి మాటిచ్చానని, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేనని హెన్నింగ్ నేల చూస్తూ చెప్పాడు. తీసుకోమని ఆమె అడగలేదు. అలా తీసుకునే మనిషే అయితే ఆమెకి ఈ బాధే ఉండేది కాదు.

ఆమె లేచి నిలబడింది. మోకాళ్ళకి మట్టి. కిటికీలోంచి చూస్తే గుట్ట మీద తన ఇల్లు, ఇంటి వెనక తండ్రి పోయిన దగ్గర్నుంచీ ఖాళీగా ఉన్న ఆవుల కొట్టం.

“మా కొట్టం ఉంది,” అంది. “కప్పు కారుతుంది. తలుపు సరిగ్గా పడదు. ఇప్పటికీ ఆవుల వాసన పోలేదు. కానీ నేల మట్టిదే, కిటికీ సముద్రం వైపే. మీరు బస్సెక్కకండి. రండి. సగం మీది, సగం నాది. నాకు మీరు ఇక్కడే ఉండాలి.”

అతను వద్దంటే రెండోసారి ఏమనాలో దారిలోనే అనుకుంది. అప్పటికీ వద్దంటే మూడోసారి చెయ్యి పట్టుకుని అడగాలని కూడా అనుకుంది, పరువు పోతే పోనీ.

“సరే, వస్తాను,” అన్నాడు హెన్నింగ్.

అంతే. ఒక్క మాట. ఆమె దాచుకున్న రెండోసారీ మూడోసారీ నోట్లోనే ఉండిపోయాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియక అట్రాక్టా అలాగే నిలబడింది. తర్వాత నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కన్నీళ్ళు కూడా వచ్చాయి. కొంగులాంటిదేదీ లేక మట్టి అంటిన చేత్తోనే మొహం తుడుచుకుంది.

హెన్నింగ్ పెట్టె తాడు విప్పి, అడుగునుంచి కెటిల్ బయటికి తీశాడు. “టీ తాగుతారా?”

వద్దులెండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అట్రాక్టా దాన్ని పళ్ళతో పట్టుకుని ఆపింది.

“ఇవ్వండి,” అంది.

ఇద్దరూ పెట్టె మీద కూచున్నారు. బయట పోటు ఎక్కుతోంది, నీళ్ళు రేవు మెట్లని ఒక్కొక్కటే తడుపుతున్నాయి. ఆమె ఒక గుక్క తాగింది. మా ఊళ్ళో ఎవరైనా అయితే మరీ అంత చెడ్డగా లేదు అనేవారు.

“ఇంత చప్పటి టీ నా జన్మలో తాగలేదు,” అంది.

హెన్నింగ్ కప్పు దించాడు. “ఇన్నేళ్ళూ ఒక్కరూ నాకీ మాట చెప్పలేదేం?”

“ఎవరు తాగారు గనక!” అంది అట్రాక్టా.