గొంగడి కింద

చిన్న దొరసాని హైదరాబాదు నుంచి మోటారులో వచ్చిన రోజున ఆమెతోబాటు వెదురు బుట్టలో ఒక తెల్ల కుందేలు కూడా దిగింది. అవి జర్మనీతో లడాయి జరుగుతున్న రోజులు. మోటారుకు నూనె దొరకడమే కష్టమని దొర విసుక్కుంటుంటే, ఆమె బుట్టలోకి కొత్తిమీర వేస్తూ కూర్చుంది. పట్నంలో ఎవరో బేగం తోటలో కుందేలుకు తాడు కట్టి తిప్పుతుంటే చూసిందట. తానూ కోటలాంటి తమ గడి వాకిట్లో అట్లా తిప్పాలి. దసరాకు చుట్టాలు వచ్చేనాటికి అది తయారుగా ఉండాలి.

"జీవాలు కాసేటోనివి. దీనికి నడక నేర్పు" అని కురుమయ్యకు అప్పగించారు.

కురుమయ్య గొర్ల మందలో పుట్టి పెరిగినవాడు. మేకపిల్లకు కట్టినట్టే మెడకు తాడు వేసి లాగాడు. కుందేలు ఎగిరి వెల్లకిలా పడి, కట్టెలా బిగుసుకుపోయింది. వంటింటి భాగ్యమ్మ చేటతో గుమ్మంలోకి వచ్చి చూసింది.

"ఏందన్నా, దొరసాని షికారుకు తెస్తే నువ్వు కూరకు తయారు చేస్తున్నవా?"

"నవ్వకు చెల్లె. జర నీళ్లు తే."

మర్నాడు మంద వెనక నడుస్తూ, కదురు తిప్పి మెత్తటి ఉన్నితాడు పేనాడు. దాన్ని మెడకు కాక, ముందుకాళ్ల వెనక నుంచి రొమ్ము చుట్టూ వదులుగా కట్టాడు. మొదట్లో తాడు కొస పట్టుకోనే లేదు. కుందేలు దాన్ని ఈడ్చుకుంటూ తిరిగింది. తర్వాత పట్టుకున్నా లాగలేదు. అది ఎటు పోతే అటు పోయాడు, ఆగితే ఆగాడు. గరిక చూపించి నాలుకతో టక్కుమనిపించేవాడు. వచ్చి తినేది. లాగితే బిగుసుకుంటుందని, వెంట పోతే నడుస్తుందని అతనికి అర్థమైంది. కొన్నాళ్లకు ఆ చప్పుడు వింటే చాలు, వచ్చి అతని పాదం మీద కూర్చునేది. ఆ బరువు అతనికి ఇష్టంగా ఉండేది. ఎవరితోనూ అనలేదు.

మనుషుల అలికిడికి బెదరకుండా అంగడి దాకా తిప్పుకొని రమ్మని దొరసాని చెప్పడంతో చిక్కు మొదలైంది.

"మామా, కుక్క దొరకలేదా?" అన్నాడొకడు.

"గొర్లన్నీ అమ్మి చెవులపిల్లిని కొన్నడురా" అన్నాడు ఇంకొకడు.

కురుమయ్య తల ఎత్తలేదు. ఆ మరుసటి రోజు నుంచి ఊరి వెనక కంపల బాట పట్టాడు. కొడుకు బీరయ్యకు సంగతి తెలిసింది.

"నాకియ్యి నాయనా, నేను తోల్కపోత. నవ్వేటోళ్లు నవ్వనీ."

"నువ్వు ఊకో. బిజినేపల్లి చిన్నయ్య చెవుల పడితే? పిల్లనిస్తనన్న మనిషి."

చిన్నయ్యది పెద్ద మంద, కులపంచాయతీలో ఆయన మాటంటే మాటే. నోటిమాటగా సరేనన్నాడు కానీ ఇంకా ఆకువక్కలు మార్చుకోలేదు. భార్య పోయినప్పటి నుంచి కురుమయ్య పొయ్యి ముందు తానే కూర్చుంటున్నాడు. ఈ పెండ్లి అయితే చాలనుకుంటున్నాడు.

వారపు అంగడి రోజున కంపల బాటలో కుందేలు గరిక కొరుకుతుండగా, అడ్డదారిన అంగడికి పోతూ చిన్నయ్యే ఎదురుగా కనిపించాడు. కురుమయ్య వంగి కుందేలును ఎత్తి, చంకలో ఇరికించుకొని, భుజం మీది ఉన్ని గొంగడి దగ్గరగా కప్పుకున్నాడు. తాడు కొస మాత్రం బయటే వేలాడింది.

"బావా, ఏంది గీడున్నవు? ఆ తాడు ఏంది?"

"మేకపిల్లది. తప్పిపోయింది."

అంతటితో పోతాడనుకున్నాడు. చిన్నయ్య చేతిలోని మూట కింద పెట్టాడు.

"ఎటు పోయింది? ఏం రంగు?"

"తెల్లది. నేను ఎతుక్కుంట గాని నువ్వు పో బావా, అంగడి అయిపోతది."

"అంగడి మల్ల వారం వస్తది. తల్లి ఒర్రుతుంటది గద, ఎట్ల పోత?"

చిన్నయ్య నాలుక ఆడిస్తూ, మేకపిల్లను పిలిచినట్టు పిలుస్తూ రేగుకంపల్లోకి దిగాడు. కురుమయ్య కూడా వెతుకుతున్నట్టు వెంట నడిచాడు. భాద్రపదపు ఎండ నెత్తిన కాస్తోంది. గొంగడి లోపల కుందేలు గుండె అతని పక్కటెముకలకు టకటక కొట్టుకుంటోంది. అది అరవలేదు. మేకపిల్ల అయితే ఈపాటికి అరిచి పరువు తీసేదనుకొని మొదట సంతోషించాడు కూడా.

చిన్నయ్య వాగు దాకా పోయాడు. తిరిగి వచ్చాడు. ముళ్లకు ధోవతి చిరిగింది. "ఇంకో దిక్కు చూస్త, నువ్వు పరేషాన్ కాకు" అన్నాడు. చెప్పేద్దామని కురుమయ్య నోరు తెరిచాడు. ఇంత వెతికించాక ఎట్లా చెప్పడం? మళ్లీ నోరు మూసుకున్నాడు.

కొంతసేపటికి పక్కటెముకల దగ్గర చప్పుడు తెలియలేదు.

గొంగడి తీసి విసిరేశాడు. కుందేలు నోరు తెరుచుకొని ఉంది. చెవులు నిప్పుల్లా ఉన్నాయి. కంపల్లోంచి బయటికి వచ్చిన చిన్నయ్య కుందేలునూ తాడునూ గొంగడినీ చూశాడు. తన సొరకాయ బుర్ర తీసి దాని చెవుల మీద మెల్లగా నీళ్లు పోశాడు. చాలాసేపటికి దాని పొట్ట ఎగిసింది.

చిన్నయ్య బండ మీద కూర్చొని పాదంలో ముళ్లు తీసుకోసాగాడు.

"గిదేనా నీ మేకపిల్ల?"

"గడిది. నడక నేర్పుతున్న. చూస్తే నవ్వుతవని..."

"నవ్వేటోన్నే. నవ్వి ఊకునేటోన్ని." ఒక ముల్లు తీసి పారేశాడు. "రేపు మా పిల్ల నీ ఇంట్ల ఏదన్న తప్పు చేస్తే, నలుగురు నవ్వుతరని దాన్ని గూడ గిట్లనే కప్పెడ్తవా?"

కురుమయ్య వంగి కుందేలు రొమ్ముకు కట్టిన తాడు ఇంకాస్త వదులు చేశాడు.

"నీ కొడుక్కు ఎరుకనా గీ సంగతి?"

"ఎరుకే. నేనే తోల్కపోత, నవ్వేటోళ్లు నవ్వనీ అన్నడు. నేనే ఇయ్యలే."

చిన్నయ్య లేచి మూట అందుకున్నాడు.

"అయితే ఇంటికి పోయి వాన్ని చూస్త. మాట్లాడేదుంటే వానితోనే మాట్లాడ్త. నువ్వు ఎన్క రా. తొందరేం లేదు."

కుంటుతూ వెళ్లిపోయాడు. ఆ కుంటు తాను పెట్టిందేననుకుంటూ కురుమయ్య చూస్తూ నిలబడ్డాడు.

కుందేలు లేచి నీడలోకి జరిగింది. అతను నాలుక టక్కుమనిపించాడు. రాలేదు. గరిక ముందు పెట్టాడు. మొహం తిప్పుకుంది. ఎత్తుకుందామని చెయ్యి వేస్తే మొదటిరోజులాగే కట్టెలా బిగుసుకుంది. చెయ్యి తీసేసి, తాడు వదులుగా పట్టుకొని, దానికి కాస్త దూరంగా బాట మధ్యలో కూర్చున్నాడు.

అంగడి విరిగి పక్క ఊళ్ల జనం ఆ అడ్డదారినే ఇళ్లకు మళ్లారు.

"మామా, బాట నడుమ కూసున్నవేంది?"

గొంగడి చేతికి అందేంత దూరంలోనే పడి ఉంది.

"గిది నడిచేదాక కూసుంట" అన్నాడు కురుమయ్య.

వాళ్లు పగలబడి నవ్వారు. ఒకామె గంప దించి మరీ నవ్వింది. తన ఇంటి అరుగు మీద ఈపాటికి చిన్నయ్య కొడుకును ఏమి అడుగుతున్నాడో అనుకుంటూ, అతను తల వంచుకొని తాడు వంక చూస్తున్నాడు. ఒక్కసారైనా దాన్ని లాగలేదు.