కట్టించాడు

విమానం మారే నాలుగు గంటల్లో ప్రయాణికులకు నగరం మొత్తం చూపించడం ఆ గైడు ఉద్యోగం. పావుగంట కోట, పది నిమిషాలు బజారు, కోటగోడను ఆనుకుని ఉన్న సొంత పిన్ని కొట్లో ఒక వేడి రొట్టె, మళ్ళీ బస్సు. ఊరిని నమిలి ఊసి వెళ్ళేవాళ్ళకు కంపెనీ టిక్కెట్టుతో పాటు హెల్మెట్టు కూడా ఇస్తుంది. "ఈ కోట రాజు కట్టాడు" అన్న ప్రతిసారీ గోడ నుంచి ఒక ఇటుక ఊడిపడుతుంది మరి.

"కట్టించాడు అనవే, పడదు," అనేది పిన్ని.

ఆ మాటే గైడు కంపెనీ మేనేజరుతో అంటే, "కట్టాడంటే రాజు. కట్టించాడంటే మేస్త్రీ అయిపోతాడు. కాగితంలో ఉన్నదే చదువు," అన్నాడు. ఇటుకలు రాలడానికి మాత్రం పిన్ని పొయ్యి వేడే కారణమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు.

ఇవాళ కొట్టుకు సీలు వేయడానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గైడు బస్సు దిగేసరికి పిన్ని గిన్నెలు మూట కడుతోంది. అది చూసి గైడుకు ఒళ్ళు మండిపోయింది.

"ముప్పై ఏళ్ళ పొయ్యి, పిన్నీ! నోరు మూసుకుని పోతావా? చరిత్ర మోసినవాళ్ళది, ఏలినవాళ్ళది కాదు!"

"నినాదాలు తర్వాత. ముందు ఈ మూట కొస పట్టుకో."

"రొట్టె ఏదీ?" అన్నాడు ఒక ప్రయాణికుడు, వాచీ చూసుకుంటూ.

గైడు మూట పట్టుకోలేదు. గోడ ముందుకెళ్ళి కంపెనీ కాగితం నాలుగు ముక్కలు చేసింది.

"వినండి. రాజు ఈ కోట కట్టలేదు. కట్టించాడు. మట్టి తొక్కినవాళ్ళు వేరు, ఇటుక కాల్చినవాళ్ళు వేరు. పైనుంచి జారి చచ్చినవాళ్ళను పునాదిలోనే పూడ్పించి, పైన తన పేరు చెక్కించుకున్నాడు. ఆ చెక్కింది కూడా వాడు కాదు!"

ఇటుక పడలేదు. ప్రయాణికులు హెల్మెట్లు తీసి తలలు గోక్కున్నారు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చిది, దాని మాటలు పట్టించుకోకండి! రాజే కట్టాడు. స్వయంగా కట్టాడు. తన చేతుల్తో కట్టాడు!"

మాటకో ఇటుక. మూడో మాటకు పైవరస మొత్తం జారి అతని బూట్ల ముందు కుప్పయింది.

"చూశారా సార్, పొయ్యి వేడి!" అన్నాడు దుమ్ములోంచి.

మరో రెండు పడ్డాయి.

ఇన్‌స్పెక్టరు కొట్లోకి వెళ్ళి పొయ్యిలో చెయ్యి పెట్టాడు. బూడిద చల్లగా ఉంది.

"ఇవాళ వెలిగించలేదామ్మా?"

"ఖాళీ చేయమంటిరి కదా నాయనా, ఎవరి కోసం వెలిగించను?"

అతను సీలు కాగితం బయటికి తీశాడు. 'కారణం' అన్నచోట 'పొయ్యి వేడి' కొట్టేసి, కాసేపు కలం కొరికి, 'అబద్ధం' అని రాశాడు. ఆ కింది గడిలో, సీలు వేయవలసిన చోటు అన్నదానికి ఎదురుగా, కంపెనీ ఆఫీసు చిరునామా రాశాడు.