పదకొండులో రెండు, ఒకటిలో పన్నెండు

స్పేర్ పార్టుల గోడౌన్‌లో గడులకు లేబుళ్లు వేయడం నా పని. చేత్తో రాసేవాణ్ణి. కంప్యూటర్ వచ్చాక అక్కడి మేనేజరు, నా బావమరిది, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాల వీడియో ఒకటి చూపించాడు.

"ఇది నేర్చుకో బావా. లేకపోతే ఓనర్ నిన్ను ఉంచడు."

నాది పల్లెటూరి బడి చదువు. భార్య పోయింది. ఈ పని పోతే నన్ను పిలిచి ఇంకో పని ఇచ్చేవాడు లేడు.

ర్యాక్ నంబరు పక్కన గడి నంబరు కలిపి లేబుల్ మీద వేయాలి. పదకొండో ర్యాక్, రెండో గడి. మధ్యలో ప్లస్ పెట్టాను. 13 వచ్చింది.

"కలపమంటే కూడింది," అన్నాను.

"అంకెలిస్తే కూడక ఏం చేస్తుంది? ఒక్కో నంబరు ముందూ ఎస్‌టీఆర్ అని రాసి, ఆ నంబర్ని బ్రాకెట్లో చుట్టు. అక్షరాలనుకుని అతికిస్తుంది. మా అక్క నిన్నెలా భరించిందో!"

"మీ అక్క ఊసెత్తకు."

చుట్టాను. 112 వచ్చింది. పెళ్లినాడు కూడా అంత సంతోషపడలేదు. గోడౌన్ మొత్తానికి లేబుళ్లు ప్రింట్ తీసి అంటించాను.

మర్నాడు ఒక మిల్లువాళ్లు బేరింగులు అడిగారు. హమాలీ చీటీ మీద 112 చూసి, ఆ నంబరు కనబడిన గడిలోంచి పెట్టె కట్టి లారీ ఎక్కించాడు. అవతల విప్పితే రబ్బరు వాషర్లు. మిల్లు ఆగిపోయింది.

బావమరిది పరుగెత్తుకొచ్చాడు. "కొంప ముంచావు బావా! బేరింగులుండేది ఒకటో ర్యాక్ పన్నెండో గడిలో కదా?"

వెళ్లి చూశాను. దాని మీదా 112. ఒకటి పక్కన పన్నెండు, పదకొండు పక్కన రెండు. అతికిస్తే రెండూ ఒకటే. చేత్తో రాసినన్నాళ్లూ మధ్యలో గీత పెట్టేవాణ్ణి. చెయ్యి తనంతట తానే పెట్టేది. మిషన్‌కు చెప్పాలని తోచలేదు.

పరుగున కంప్యూటర్ దగ్గరికొచ్చి రెండు నంబర్ల మధ్య కొటేషన్లలో గీత, ఇంకో ప్లస్ చేర్చాను. 11-2. 1-12. ప్రింట్ నొక్కాను.

"ఇదిగో, సరిపోయింది. ఓనర్‌కు చెప్పరా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆ మాట నా నోట రావాల్సిన మాట కాదు. వచ్చింది.

ఫోన్ చేశాడు. అటునుంచి కేకలు నాకూ వినపడ్డాయి.

"సార్... అలాగే సార్... సాయంత్రం దాకా ఉండనివ్వండి సార్. పాత లేబుళ్లు పీకాలి కదా."

ఫోన్ జేబులో పెట్టుకుని నేలకేసి చూశాడు. "నా చేతిలో ఏముంది బావా..."

"జాలి మొహం పెట్టకు," అన్నాను.

గోటితో పాతవి పీకుతున్నాను. ప్రింటర్లోంచి కొత్తవి వస్తూనే ఉన్నాయి. వాటిని అంటించేవాడు రేపొస్తాడు.