రాగి కడ్డీ నడుమ

ఇలా దగ్గరకి జరగండి అమ్మలూ, మా మోంతెర్రే ఊళ్లో పక్కింటి ఒతీలియా సంగతి చెబుతాను. నాకు చదువు లేదు గానీ, మా రెండిళ్లకీ నడుమ ఒకటే గోడ.

ఒతీలియా ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. లావుపాటి రాగి కడ్డీలో కరెంటుకి ఎంత అడ్డు తగులుతుందో, ఎంత వేడెక్కుతుందో కంప్యూటర్లో ముందే లెక్కకట్టడం ఆవిడ పని. ఓ ఆదివారం రొట్టెల పిండి పిసుకుతూ నాతో అంది, "బ్యాటరీ కరెంటు, అదే డీసీ, కడ్డీ నిండా పారుతుంది పిన్నీ. ఇళ్లకొచ్చే ఏసీ కరెంటు క్షణక్షణం ఇటూ అటూ ఊగుతుంది, అందుకే అంచులకే పారిపోతుంది, నడుమ దాదాపు ఖాళీ. పారే చోటు తగ్గితే అడ్డు, దాంతో వేడీ పెరగాలిగా? మా లెక్కలో రెండూ ఒకటే వచ్చాయి."

"ఒకటే వస్తే మంచిదేగా తల్లీ?"

"మా పెద్దసారు అర్మెందారిస్ కూడా అదే అన్నాడు. కంప్యూటరు కడ్డీని గళ్లుగా కోసి లెక్కకడుతుంది. తొందరగా తేలాలని పెద్ద పెద్ద గళ్లు పెట్టించాడు. అంచున జరిగేది వాటికి ఆనలేదు. సన్నగా కోద్దామంటే, 'ఇంట్లో కూడా మొగుడితో ఇలాగే పేచీ పెడతావా?' అన్నాడు. అందరూ నవ్వారు."

అందుకే ఇంట్లో సొంత కంప్యూటర్లో సన్న గళ్లతో లెక్క మొదలెట్టింది. సాయంత్రానికి తేలాలి. సోమవారం కడ్డీలు కోతకి వెళ్లిపోతాయి.

మధ్యాహ్నం మొగుడు ఫెర్మీన్ స్నేహితుల్ని పిలిచి, పెరట్లో మాంసం కాలుస్తూ, ఫుట్‌బాల్ చూడ్డానికి టీవీ బయటికి తెచ్చాడు. ప్లగ్గు ఖాళీ లేదు. కంప్యూటరు తీగ పీకేశాడు.

"అయ్యో, లెక్క మొత్తం పోయిందయ్యా!"

"మళ్లీ పెట్టుకోవే. ముందు రొట్టెలు వేడిగా పట్రా."

రొట్టె తిప్పుతూ అనుకుందట ఒతీలియా: నన్నూ ఇలాగే కొలుస్తారు, కాసేపు కూర్చున్నప్పుడు చూసి. 'నీకేం కష్టమే' అని అత్తగారు, 'ఇంత చిన్నదానికా' అని ఈయన. అటు ఆఫీసు, ఇటు పొయ్యి, రోజంతా ఇటూ అటూ లాగేటప్పుడు ఎవరూ కొలవరు. అందరికీ కావలసిందల్లా అంచుల మీదే పారుతుంది, నడుమ నేనెక్కడున్నానో నాకే తెలీదు.

సోమవారం "రుజువేదమ్మా?" అన్నాడు అర్మెందారిస్. లేదు. పాత లెక్క సరైనదేనని సంతకం పెట్టనంది. పక్క బల్లాయన పెట్టేశాడు. రాగి కోతకి వెళ్లిపోయింది.

"సంతకం పెడితే చెయ్యి అరిగేదా?" అన్నాడు ఫెర్మీన్ ఆ సాయంత్రం.

ఒతీలియా లెక్క మళ్లీ మొదట్నుంచీ పెట్టింది. ఇప్పుడది తేలినా అడిగేవాళ్లు లేరని తెలుసు. ప్లగ్గుకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"మరి రొట్టెలు?"

"పిండి అక్కడుంది."

గుర్తుంచుకోండి అమ్మలూ. ఎప్పుడైనా ఆ కడ్డీలు వేడెక్కి కాలిన రోజున "ముందే ఎవరూ చెప్పలేదే" అని ఎవరైనా అంటే, ఒతీలియా చెప్పిందని మీరు చెప్పండి.