డ్వేన్ మళ్ళీ మైదానంలోకి దిగిన శనివారం

శనివారం పొద్దున్నే వెర్నా తమ్ముడు డ్వేన్‌కి గడ్డం గీసింది. అరవై దాటిన మనిషి, గుమ్మానికి అడ్డంగా నిలబడితే వెలుతురు రాదు, అంత భుజాలు. అయినా బుద్ధిగా కుర్చీలో కూర్చుని గడ్డం పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇవాళ ఎవరితో ఆట అక్కా?"

"ఆడేది కుర్రాళ్ళురా. మీ పాత జట్టునంతా పిలిచి చప్పట్లు కొడతారట. నువ్వు ఓసారి చెయ్యి ఊపి వచ్చెయ్, చాలు."

"నాన్న వస్తున్నాడా?"

"డ్యూటీలో ఉన్నాడు," అంది వెర్నా. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట చెప్పినప్పుడల్లా డ్వేన్ అప్పుడే విన్నట్టు ఏడుస్తాడు. అందుకే చెప్పడం మానేసింది.

పెన్సిల్వేనియా కొండల మధ్య వాళ్ళ ఊళ్ళో చలికాలం ముందు వచ్చే శనివారాలు కాలేజీ ఫుట్‌బాల్‌వి, అంటే హెల్మెట్లు పెట్టుకుని చేత్తో బంతి పట్టుకుని ఆడే అమెరికా ఆటవి; ఆదివారాలు జీతాలకు ఆడే నగరం జట్టువి. ఉక్కు ఫ్యాక్టరీ మూతబడ్డా ఆ లెక్క మారలేదు. స్కూలు బస్సు నడిపినన్నాళ్ళూ వెర్నా సోమవారం అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతోనే పనికి వెళ్ళేది. డ్వేన్ ఆ కాలేజీకే ఆడాడు. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి ఎదురెళ్ళి పడగొట్టడం వాడి పని. నగరం జట్టు వాణ్ణి ఓ వేసవి పరీక్షించి వద్దంది. తిరిగి వచ్చి కంకర లారీ నడుపుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు. యాభై దాటాక ఇంటి దారి మరిచిపోవడం మొదలైంది. ఊరికే కోపాలు. భార్య ఓపిక ఉన్నన్నాళ్ళు ఉండి వెళ్ళిపోయింది. తలకు తగిలిన దెబ్బలే కారణం కావచ్చునని, పోయాక మెదడు చూస్తే గాని గట్టిగా చెప్పలేమని డాక్టరమ్మ అంది. వెర్నా వాణ్ణి తన ఇంటికి తెచ్చుకుంది.

స్టేడియం బయట ఆట చూడొచ్చినవాళ్ళ బళ్ళ వెనక పొయ్యిలు వెలిగి, కాలుతున్న సాసేజీల పొగ కమ్ముకుంది. ఆ పొగలోంచి మార్విన్ టేట్ చేతులు చాచుకుంటూ వచ్చాడు. ఆ రోజుల్లో జట్టును నడిపినవాడు, డ్వేన్‌తో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడు.

"ఏరా దున్నపోతా! ఇంకా బతికే ఉన్నావా?"

డ్వేన్ మర్యాదగా నవ్వి చెయ్యి అందించాడు. "బాగున్నారా అండీ?"

మార్విన్ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. వెర్నా వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"బాగున్నానండీ," అన్నాడు మార్విన్. "రండి, నా పక్కనే నిలబడుదురు గాని."

సగం ఆట అయ్యాక పాత జట్టును మైదానంలోకి పిలిచారు. తెల్లజుట్టు వాళ్ళు, కర్ర ఊతంతో నడిచేవాళ్ళు, వరసగా మైదానం మధ్య గీత దాకా వెళ్ళారు. మైకులో డ్వేన్ పేరు వినబడగానే జనమంతా లేచి అరిచారు. వెర్నా కూడా అరిచింది. ఆ హోరు చెవిన పడగానే డ్వేన్ నడుము నిటారుగా అయింది. గిర్రున తిరిగి జట్టు బెంచీల వైపు పరుగు తీశాడు.

"ఒరేయ్ మార్విన్! నా హెల్మెట్ ఏదిరా?"

అక్కడున్న కుర్రాడి హెల్మెట్ లాక్కోబోయాడు. ఆ పిల్లాడు బెదిరిపోయి వదిలేశాడు. అది తలకు పట్టక డ్వేన్ రెండు చేతులా నొక్కుకుంటున్నాడు. కాపలావాళ్ళు ఇద్దరు ముందుకొచ్చారు. జనంలో నవ్వులు మొదలై, అంతలోనే సద్దుమణిగాయి. వెర్నా మెట్లు దిగి కంచె దగ్గరికి వచ్చేసరికి మార్విన్ వాడి భుజం చుట్టూ చెయ్యి వేసి ఉన్నాడు.

"నీకివాళ విశ్రాంతిరా. కోచ్ చెప్పాడు."

"ఎందుకు? నేనేం తప్పు చేశాను?"

"ఏం తప్పూ లేదురా. ఇవాళ నిన్ను దింపొద్దన్నాడు, అంతే."

డ్వేన్ హెల్మెట్ తిరిగిచ్చేశాడు. బెంచీ మీద కూర్చుని, అంత మనిషీ, ముఖం అరచేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. మార్విన్ పక్కనే కూర్చున్నాడు. ఇందాక వాడు తనను పేరు పెట్టి పిలిచిన సంగతి కారు దగ్గర వెర్నాకు చెప్పాడు. చెబుతూ అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

ఇల్లు చేరేసరికి డ్వేన్‌కు అవేవీ గుర్తులేవు. వెర్నాకే నిద్ర పట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు, బీన్సూ మాంసమూ కలిపి ఉడికించిన చిల్లీ గిన్నెలతో కూర్చున్నారు. నగరం జట్టు వెనకబడి ఉంది. వాళ్ళలో, డ్వేన్ ఒకప్పుడు ఆడిన స్థానంలోనే ఆడే కుర్రాడొకడు తల వంచుకుని ఎదుటివాడి మీదికి దూకాడు. హెల్మెట్లు ఠప్పున మోగాయి. బంతి జారిపోయింది, మనవాళ్ళు అందుకున్నారు. ఆ కుర్రాడు మాత్రం లేవలేదు. చేతులు కొయ్యల్లా పైకి బిగుసుకుని ఉన్నాయి. ఆటగాళ్ళు చుట్టూ మోకరిల్లారు. స్టేడియం మూగబోయింది.

"లేస్తాడులే అక్కా," అన్నాడు డ్వేన్ చెంచా నాకుతూ. "నేను ఎప్పుడూ లేచేవాణ్ణిగా."

వెర్నా టీవీ కట్టేసింది.

డ్వేన్ నల్లటి తెర వంక చూశాడు. లేచి దాని వెనక్కి తొంగి చూశాడు. "మనవాళ్ళెక్కడికి పోయారు? అక్కా, మనవాళ్ళేరీ?" గొంతు పెరిగింది. అరచేత్తో గోడను బాదడం మొదలెట్టాడు. ఇంకో నిమిషం ఆగితే చేతికి రక్తం వస్తుందని ఆమెకు తెలుసు. టీవీ మళ్ళీ పెట్టింది.

ఆ కుర్రాణ్ణి బండి మీద తీసుకుపోతున్నారు. వాడు బాగానే ఉన్నానన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆట మొదలైంది. కాసేపటికి నగరం జట్టు బంతిని అవతలి చివరి గీత దాటించి టచ్‌డౌన్ కొట్టింది. తానెప్పుడు లేచిందో వెర్నాకు తెలియదు, పిడికిళ్ళు ఎత్తి గది మధ్యలో నిలబడి గొంతు చించుకుని అరుస్తోంది. తన అరుపు తనకే వినబడి ఆగిపోయింది. కూర్చుని తల వంచేసి, వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుస్తావెందుకక్కా?" డ్వేన్ ఆమె వీపు నిమిరాడు. "గెలుస్తున్నాంగా."

సాయంత్రం మార్విన్ ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం వచ్చి డ్వేన్ పక్కన కూర్చుంటానన్నాడు.

"రా. కానీ ఫుట్‌బాల్ మాత్రం వద్దు మార్విన్. నేనింక చూడలేను."

"మరి వాడితో ఏం మాట్లాడనక్కా?"

వెర్నా పక్క గదిలోకి తొంగి చూసింది. డ్వేన్ మైదానంలో ఉన్నట్టు ఎవరికో సైగలు చేస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"సరే," అంది. "ఆట మొదలయ్యే వేళకే రా. నేను వంటింట్లో ఉంటాను."